ఫార్మాట్ కొట్టించే ముందు: ఇంటి కంప్యూటర్‌లో బూట్‌లోడర్ సంగతి



రేపు పొద్దున పిల్లల ప్రాజెక్టు సబ్మిట్ చేయాలి. సాయంత్రం ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే విండోస్ రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు మాత్రం కనిపిస్తున్నాయి. 'నో బూటబుల్ డివైస్' అని ఉండొచ్చు, 'ఆపరేటింగ్ సిస్టం నాట్ ఫౌండ్' అని ఉండొచ్చు, అసలు అర్థం కాని 'గ్రబ్ రెస్క్యూ' అనే రెండు ముక్కలే ఉండొచ్చు. అవనిగడ్డకో, బందరుకో పట్టుకెళ్తే షాపులో వినిపించే మొదటి మాట 'ఫార్మాట్ కొట్టాలండి' అని. మనం సరేనంటాం. గంటలో కొత్త విండోస్ వేసి ఇస్తారు. సిస్టం బ్రహ్మాండంగా లేస్తుంది, కానీ అందులో ఉన్న పాప డాన్స్ వీడియోలు, తాతయ్య షష్టిపూర్తి ఫోటోలు, రెండు నెలల ప్రాజెక్టు వర్క్ ఉండవు.

ఇలాంటి చాలా సందర్భాల్లో ఫైళ్లకు ఏమీ అయి ఉండదు. విండోస్‌కు కూడా ఏమీ కాదు. కంప్యూటర్‌ను నిద్ర లేపి విండోస్ దగ్గరికి తీసుకెళ్లే చిన్న ప్రోగ్రామ్ ఒకటి తప్పిపోయి ఉంటుంది, అంతే. దాన్నే బూట్‌లోడర్ అంటారు. దాని గురించి నాలుగు విషయాలు తెలిసి ఉంటే షాపులో ఏమి అడగాలో తెలుస్తుంది. ఏది ఒప్పుకోకూడదో కూడా తెలుస్తుంది.

పులిగడ్డ అక్విడెక్టు లాంటిది

మన కోడూరు వైపు వారికి దీన్ని చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజి దగ్గర నీళ్లు నిండుగా ఉంటాయి. ఇక్కడ మన పొలాలు సిద్ధంగా ఉంటాయి. మధ్యలో నదీ పాయ అడ్డం. పులిగడ్డ అక్విడెక్టు మీదుగా కాలువ ఆ పాయను దాటితేనే దివిసీమకు నీళ్లు. పొడవులో అది కాలువ మొత్తంలో ఎంత? చాలా తక్కువ. కానీ అక్కడ ఆగిందంటే బ్యారేజిలో ఎన్ని నీళ్లున్నా శివారు భూములకు చుక్క రాదు. అలాగని ఎవరూ 'బ్యారేజి పాడైంది, కొత్తది కట్టాలి' అనరు కదా. ఫార్మాట్ కొట్టడం సరిగ్గా అలాంటి పనే.

పవర్ బటన్ నొక్కగానే మొదట లేచేది మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. ఇది కీబోర్డు, మెమరీ, డిస్క్ అన్నీ ఉన్నాయా అని చూసుకుంటుంది. దానికి విండోస్ అంటే ఏమిటో, లినక్స్ అంటే ఏమిటో తెలియదు. ఫలానా చోట ఒక ప్రోగ్రామ్ ఉంటుంది, దాన్ని నడిపించాలి అన్నంతవరకే దానికి తెలుసు. ఆ ఫలానా చోట ఉండేదే బూట్‌లోడర్. అది ఆపరేటింగ్ సిస్టంలోని ముఖ్యమైన భాగాన్ని డిస్క్ నుండి మెమరీలోకి ఎక్కించి, పగ్గాలు దాని చేతికిచ్చి తప్పుకుంటుంది. మొత్తం కొన్ని సెకన్ల పని. అందుకే బాగా నడుస్తున్నంతకాలం అలాంటిదొకటి ఉందని కూడా మనకు తెలియదు.

ఆ ఫలానా చోటు ఎక్కడ?

ఇక్కడే పాత పద్ధతి, కొత్త పద్ధతి అని రెండున్నాయి. మీ ఇంట్లో ఉన్నది ఏదో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే రెండింటికీ రిపేరు వేరు.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన బయోస్ పద్ధతిలో ఫర్మ్‌వేర్ డిస్క్‌లోని మొట్టమొదటి 512 బైట్లు చదువుతుంది. అందులో బూట్ ప్రోగ్రామ్‌కు దక్కేది 446 బైట్లు. నాలుగు పార్టిషన్ల వివరాలకు 64, చివర గుర్తు కోసం 2. 446 బైట్లంటే తెలుగులో రెండు మూడు వాక్యాలకు మించి పట్టని చోటు. ఆ కాస్త చోటు కోసమే విండోస్, లినక్స్ కొట్టుకునేవి. ఎవరు చివర ఇన్‌స్టాల్ అయితే వారు ముందున్న వారిని చెరిపేసేవారు. 'లినక్స్ వేస్తే విండోస్ పోతుంది' అనే భయం ఊళ్లలో ఇప్పటికీ ఉందంటే కారణం ఆ రోజులే.

కొత్త పద్ధతి పేరు యూఈఎఫ్ఐ. ఇంటెల్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని 2005 నుండి కంపెనీలన్నీ కలిసి ఏర్పాటు చేసుకున్న ఫోరం చూసుకుంటోంది. ఇందులో డిస్క్ మీద ఒక చిన్న పార్టిషన్‌ను బూట్‌లోడర్ల కోసమే విడిగా పెడతారు. విండోస్ తానుగా చేస్తే అది సాధారణంగా 100 ఎంబీ ఉంటుంది. దాంట్లో విండోస్‌కు ఒక ఫోల్డర్, ఉబుంటుకు ఒక ఫోల్డర్ ఉంటాయి, ఒకే వరండాలో ఎవరి చెప్పులు వారు విడిచినట్టు. ఎవరిని ముందు లేపాలనే వరుస మదర్‌బోర్డు మెమరీలో రాసి ఉంటుంది. కాబట్టి కొత్త కంప్యూటర్లలో ఒకటి ఇంకొకదాన్ని చెరిపేయడం అరుదు. వరుస మారుతుంది, అంతే. వరుస మారితే విండోస్ పోయిందనుకుని ఫార్మాట్ కొట్టించుకున్నవారు మాత్రం తక్కువేమీ కాదు.

మీది ఏ పద్ధతో చూడాలంటే విండోస్ గుర్తున్న కీ పట్టుకుని ఆర్ నొక్కండి. వచ్చిన పెట్టెలో ఎంఎస్ఇన్ఫో32 అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. 'బయోస్ మోడ్' అన్న వరుసలో యూఈఎఫ్ఐ అనో, లెగసీ అనో ఉంటుంది. మీ పిల్లలతో ఈ పని చేయించండి. రెండు నిమిషాల్లో చూసి చెబుతారు.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విడిగా నమోదు చేసుకున్న ఇళ్లకు మరో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. విండోస్ 11 వేద్దామంటే యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 ఉండాలంటుంది. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటికి ఆ అర్హత లేదు. మన ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా అవే. విజయవాడలో బీటెక్ చదివిన అన్నయ్య వాడి, ఉద్యోగం వచ్చాక చెల్లెలికి ఇచ్చినవి. ఎనిమిదో తరగతి పాపకు పాఠాలు చూడటానికి, టైపింగ్, కాస్త పైథాన్ నేర్చుకోవడానికి ఆ ల్యాప్‌టాప్ నిక్షేపంగా సరిపోతుంది. ముప్పై నలభై వేలు పెట్టి కొత్తది కొనడమా, ఉన్నదాంట్లో లినక్స్ వేయడమా అనే ప్రశ్న అందుకే వస్తోంది.

పిల్లలకు లినక్స్ అనగానే కంగారు పడనక్కరలేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్ ల్యాబుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్నది ఉబుంటు ఆధారంగా తయారైన లినక్సే. తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు, చెన్నై సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఉండేది. ఆన్ చేయగానే ఏది కావాలో ఎంచుకోవచ్చు. అంటే లక్షల మంది పిల్లలు బూట్‌లోడర్ మెనూను రోజూ చూశారన్నమాట, దాని పేరు తెలియకుండానే. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ మెనూలు సైతం తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేసింది.

మీ ఇంటికి ఏది నప్పుతుంది?

ఇంట్లో ఒక్క విండోసే ఉంటే ఎంచుకోవడానికి ఏమీ లేదు. విండోస్ బూట్ మేనేజర్ దాంతోపాటే వస్తుంది. దాని జోలికి వెళ్లకండి. యూట్యూబ్‌లో చూసి 'బూట్ స్పీడ్ పెంచే' ప్రోగ్రామ్‌లేవీ వేయకండి.

విండోస్ పూర్తిగా తీసేసి లినక్స్ ఒక్కటే వేస్తే అదీ సులువే. ఆ లినక్స్‌తో ఏ బూట్‌లోడర్ వస్తే దాన్నే ఉంచండి. ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ వంటి వాటితో గ్రబ్ వస్తుంది. చాలా ఏళ్లుగా ఎక్కువమంది వాడుతున్నది కాబట్టి ఏ ఇబ్బంది వచ్చినా పరిష్కారం వెతికితే దొరుకుతుంది. పల్లెటూళ్లో మోటారు కొనేటప్పుడు రిపేరు చేసే మనిషి దగ్గర్లో ఉన్న కంపెనీనే కొంటాం కదా. ఇక్కడా అదే లెక్క.

రెండూ కావాలంటేనే కాస్త ఆలోచించాలి. నా అభిప్రాయం అడిగితే, అన్నింటికన్నా క్షేమమైన మార్గం రెండు వేర్వేరు డిస్కులు. పాత డెస్క్‌టాప్‌లో రెండో ఎస్ఎస్‌డీ పెట్టడానికి చోటుంటుంది. ఒకదాంట్లో విండోస్, ఇంకొకదాంట్లో లినక్స్ వేసి, దేని బూట్‌లోడర్ దాని డిస్క్‌లోనే ఉంచాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి డిస్క్ తీగ ఊడదీసి ఉంచితే పొరపాటుకు తావే ఉండదు. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ కీ నొక్కి కావలసినది ఎంచుకోవచ్చు. డెల్, లెనోవో, ఏసర్‌లలో ఆ కీ సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఒకటి పాడైనా రెండోది లేస్తుంది.

ల్యాప్‌టాప్‌లో ఒకే డిస్క్ ఉంటే రెండింటినీ అందులోనే సర్దాలి. అప్పుడు గ్రబ్ మెనూలో రెండు పేర్లూ కనిపిస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. గ్రబ్ 2.06 వెర్షన్ నుండి పక్కనున్న ఇతర సిస్టంలను వెతికే పనిని భద్రత కోసం మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. లినక్స్ వేశాక మెనూలో విండోస్ కనిపించకపోతే అది చెరిగిపోయిందని కాదు. గ్రబ్ సెట్టింగుల ఫైల్‌లో ఓఎస్-ప్రోబర్ అనే వరుసను అనుమతించి, గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే వచ్చేస్తుంది.

బొమ్మల మెనూ కావాలనుకునేవారు రీఫైండ్ అనే దాన్ని వాడతారు. ప్రతిసారీ ఆన్ చేసినప్పుడు ఏమేం ఉన్నాయో తానే వెతికి ఐకాన్లు చూపిస్తుంది. చూడటానికి బాగుంటుంది. కాకపోతే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న చోట దాన్ని పెట్టడానికి అదనపు పని ఉంది. సిస్టమ్‌డీ-బూట్ చాలా తేలికైనది, కానీ లినక్స్ బాగా తెలిసినవారికి. లిలో అనే పాతదాని పేరు ఎవరైనా చెబితే వద్దనండి. దాని అభివృద్ధి 2015లోనే ఆగిపోయింది.

మీ బాబు లినక్స్ నేర్చుకుంటానని పట్టుబడితే వద్దని కసరకండి. ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్ మాత్రం ఇవ్వకండి. అటక మీద పాత డెస్క్‌టాప్ ఉంటే దించి ఇవ్వండి. పది సార్లు పాడు చేసి పది సార్లు బాగు చేసుకుంటాడు. అది లేకపోతే విండోస్ లోపలే వర్చువల్‌బాక్స్‌లో నడిపించుకోవచ్చు, లేదా పెన్‌డ్రైవ్ నుండి లైవ్‌గా చూడవచ్చు. ఈ రెండింట్లో డిస్క్‌లో ఉన్న బూట్‌లోడర్ జోలికి వెళ్లే పనే లేదు.

అసలు ప్రమాదం: 48 అంకెల తాళం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బిట్‌లాకర్ అంటారు, కొన్నింట్లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' అని కనిపిస్తుంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్‌తో వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే అది దానంతటదే మొదలవుతుంది. మనల్ని ప్రత్యేకంగా అడగదు. దొంగ ఎత్తుకెళ్లినా ఫైళ్లు చదవలేడు కాబట్టి మంచిదే.

తాళం చెవి టీపీఎం అనే చిప్‌లో ఉంటుంది. ప్రతిసారీ ఆన్ చేసినప్పుడు బూట్ వరుస నిన్నటిలాగే ఉందా అని ఆ చిప్ చూస్తుంది. ఉంటేనే తాళం తీస్తుంది. బూట్‌లోడర్ మార్చినా, సెక్యూర్ బూట్ ఆపినా, కొన్నిసార్లు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినా దానికి అనుమానం వస్తుంది. అప్పుడు నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ ఉంటే టైప్ చేసి లోపలికి వెళ్లిపోవచ్చు. కీ లేకపోతే షాపువాళ్లు గానీ, కంపెనీ గానీ, మైక్రోసాఫ్ట్ గానీ ఆ ఫైళ్లను తెరవలేరు. అప్పుడు నిజంగానే ఫార్మాట్ తప్ప దారి లేదు.

ఆ కీ సాధారణంగా ల్యాప్‌టాప్‌ను మొదట సెటప్ చేసిన వ్యక్తి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. మన ఇళ్లలో ఆ వ్యక్తి ఎవరు? అన్నయ్య. ఇప్పుడు డల్లాస్‌లోనో, బెంగళూరులోనో ఉన్నాడు. కాలేజీ రోజుల్లో తెరిచిన ఆ మెయిల్ పాస్‌వర్డ్ అతనికీ గుర్తులేదు. పాత ఫోన్ నంబరు మారిపోయింది. ల్యాప్‌టాప్ చక్కగా నడుస్తున్న ఈ రోజున ఇదేమీ సమస్యగా కనిపించదు.

కాబట్టి ఈ వారమే సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లో ఉంటే సెటప్ చేసిన అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, డివైసెస్ పేజీలో రికవరీ కీ తీసుకోండి. కాగితం మీద ప్రింట్ తీసి పట్టాదారు పాస్‌బుక్, రేషన్ కార్డు ఉంచే ఫైల్‌లోనే పెట్టండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేస్తే ప్రయోజనం లేదు, తాళం చెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టే. బూట్‌కు సంబంధించిన ఏ మార్పు చేయబోయే ముందైనా ఎన్‌క్రిప్షన్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేయించండి, లేదా ఆఫ్ చేయించి అది పూర్తిగా విడిపోయేదాకా ఆగండి.

పక్కపక్కన వేయించేటప్పుడు

ముందు ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. దీనికి మినహాయింపు లేదు. తర్వాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుండే విండోస్ పార్టిషన్‌ను కుదించి ఖాళీ చేయాలి. లినక్స్ వైపు నుండి కుదించకపోవడం మేలు. రెండూ కొత్తగా వేస్తుంటే మొదట విండోస్, తర్వాత లినక్స్. రెండూ ఒకే పద్ధతిలో ఉండాలి. విండోస్ యూఈఎఫ్ఐలో ఉంటే లినక్స్ పెన్‌డ్రైవ్ కూడా యూఈఎఫ్ఐలోనే బూట్ అవ్వాలి. ఒకటి అలా, ఇంకొకటి ఇలా వేస్తే ఒకే మెనూలో రెండూ కలవవు.

విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' అనేది ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుండి విండోస్ డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.

చిన్న విషయమే అయినా చాలామందిని తికమక పెట్టేది గడియారం. లినక్స్ నుండి విండోస్‌లోకి రాగానే సమయం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి ఉంటుంది. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ మన సమయాన్ని రాస్తుంది, లినక్స్ అంతర్జాతీయ సమయాన్ని రాస్తుంది. మనకూ దానికీ తేడా ఐదున్నర గంటలు. లినక్స్‌ను స్థానిక సమయం వాడమని ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. బ్యాటరీ మార్చాలని ఎవరైనా చెబితే ముందు ఈ తేడా చూడండి.

బ్యాటరీ నిజంగా పోతే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. డెస్క్‌టాప్‌లలో ఇది సులువుగా మార్చుకోవచ్చు. అది అయిపోతే తేదీతో పాటు బూట్ వరుస, ఇతర సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి పోవచ్చు. పాత సిస్టంలలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ 'బూట్ అవ్వట్లేదు' అంటే నేను మొదట అనుమానించేది ఈ బిళ్లనే. ఇది కొద్ది రూపాయల వస్తువు.

తర్వాత చూసుకోవలసినవి

బూట్‌లోడర్‌ను ఒకసారి పెట్టి మరిచిపోవడానికి లేదు. కారణం సెక్యూర్ బూట్. విండోస్ 8తో 2012లో వాడుకలోకి వచ్చిన ఈ ఏర్పాటులో, సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే ఫర్మ్‌వేర్ నడవనిస్తుంది. వైరస్‌లు విండోస్ కన్నా ముందే లేవకుండా ఇది ఆపుతుంది. ఉబుంటు వంటివి షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకుని, దాని ద్వారా గ్రబ్‌ను నడిపిస్తాయి. కాబట్టి 'లినక్స్ కావాలంటే సెక్యూర్ బూట్ తీసేయాలి' అనే మాట ఉబుంటు, డెబియన్, ఫెడోరాల విషయంలో ఇప్పుడు నిజం కాదు.

అయితే పాత గ్రబ్‌లో లోపాలు బయటపడినప్పుడు వాటిని అడ్డుకోవాలి. 2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్ట్ ఇచ్చిన విండోస్ అప్‌డేట్ ఆ పనే చేసింది. రెండు సిస్టంలు ఉన్న కంప్యూటర్ల జోలికి వెళ్లదన్నారు. వెళ్లింది. చాలామందికి లినక్స్ ఎంచుకోగానే 'సంథింగ్ హాజ్ గాన్ సీరియస్లీ రాంగ్' అనే సందేశం వచ్చి కంప్యూటర్ ఆగిపోయింది. ఫైళ్లకు ఏమీ కాలేదు. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి ఆ కొత్త నిబంధనను తొలగించి, మళ్లీ ఆన్ చేసుకుని బయటపడ్డారు. రెండు సిస్టంలు పెట్టుకున్నవారు రెండింటినీ అప్‌డేట్ చేస్తూ ఉండాలి. ఆర్నెల్లు విండోసే వాడుతూ లినక్స్‌ను ముట్టకుండా వదిలేసిన ఇళ్లలోనే ఇలాంటివి ఎక్కువ వస్తాయి.

ఇదే వరుసలో ఇంకొకటి. సెక్యూర్ బూట్ కోసం మైక్రోసాఫ్ట్ 2011లో ఇచ్చిన సర్టిఫికెట్ల గడువు 2026 జూన్‌తో మొదలై తీరుతుంది. వాటి స్థానంలో 2023 సర్టిఫికెట్లు వస్తాయి. గడువు తీరిన రోజున కంప్యూటర్ ఆగిపోదు, మామూలుగానే లేస్తుంది. కొత్త సర్టిఫికెట్లు చేరని మెషీన్లకు మాత్రం బూట్ భాగానికి సంబంధించిన కొత్త రక్షణలు అందవు. విండోస్ అప్‌డేట్లు ఆపకుండా ఉంచుకోవడం, ల్యాప్‌టాప్ కంపెనీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చిందేమో చూసుకోవడం మన వంతు.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అన్నప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక మాట. అది జరుగుతున్న ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే మదర్‌బోర్డే లేవకపోవచ్చు. అప్పుడు పోయేది బూట్‌లోడర్ కాదు, దానికన్నా ముందున్నది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జర్ కూడా పెట్టి చేయండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా చేయకండి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వింటే ఆ వారం ఈ పని వాయిదా వేయండి.

ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలేషన్ మీడియా తయారుచేసి ఇంట్లో ఉంచుకోండి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో దీనికి టూల్ ఉచితం. కంప్యూటర్ బాగున్నప్పుడే చేయాలి, పాడయ్యాక చేయడానికి పక్కింటి కంప్యూటర్ కావాలి.

లేవకపోతే వరుసగా ఏం చేయాలి?

ముందు పెట్టి ఉన్న పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు అన్నీ తీసి మళ్లీ ఆన్ చేయండి. నవ్వొచ్చేంత చిన్న కారణమే గానీ, కొన్నిసార్లు కంప్యూటర్ ఆ పెన్‌డ్రైవ్‌లోనే విండోస్ కోసం వెతుకుతూ ఉంటుంది.

తర్వాత సెటప్‌లోకి వెళ్లండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. అక్కడ మీ డిస్క్ పేరు కనిపిస్తోందా? ఇదే అసలైన ప్రశ్న. పేరు అసలు కనిపించకపోతే డిస్క్ పాడయిందో, తీగ వదులైందో. అప్పుడు మళ్లీ మళ్లీ ఆన్ చేసి దాన్ని ఇబ్బంది పెట్టకుండా తెలిసినవారికి చూపించండి. డిస్క్ కనిపిస్తూ విండోస్ లేవకపోతే బూట్‌లోడర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. బూట్ వరుసలో 'విండోస్ బూట్ మేనేజర్' ఉందేమో చూసి, దాన్ని మొదటికి తెస్తే చాలాసార్లు కథ అక్కడితో అయిపోతుంది.

కాకపోతే విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, 'ఇన్‌స్టాల్' నొక్కకుండా 'రిపేర్ యువర్ కంప్యూటర్' అన్నది ఎంచుకుని స్టార్టప్ రిపేర్ నడిపించాలి. లినక్స్ వైపు అయితే బూట్-రిపేర్ అనే ఉచిత టూల్ ఉంది. ఎన్‌క్రిప్షన్ లేని డిస్క్ అయితే ఏ రిపేరు మొదలుపెట్టే ముందైనా లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, ముఖ్యమైన ఫోల్డర్లు బయటి డిస్క్‌లోకి తీసేసుకోవచ్చు. విండోస్ లేవకపోయినా ఫైళ్లు అక్కడే కనిపిస్తాయి.

ఇవన్నీ మీరే చేయాలని లేదు. షాపుకే తీసుకెళ్లండి. వెళ్లి మూడు మాటలు అడగండి: డిస్క్ సెటప్‌లో కనిపిస్తోందా? ముందు డేటా బ్యాకప్ తీస్తారా? ఫార్మాట్ కాకుండా బూట్ రిపేర్ ప్రయత్నించారా? బాగా తెలిసిన టెక్నీషియన్ ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. బ్యాకప్‌కు విడిగా డబ్బు అడిగితే ఇవ్వండి, ఆ పనికి సమయం పడుతుంది.

చివరిగా, లినక్స్ ఇక వద్దనుకుంటే. విండోస్‌లోకి వెళ్లి లినక్స్ పార్టిషన్‌ను ఒక్కసారిగా డిలీట్ చేసేస్తారు చాలామంది. మరునాడు ఆన్ చేస్తే 'గ్రబ్ రెస్క్యూ' కనిపిస్తుంది. గ్రబ్ తన మిగతా భాగం కోసం వెతుకుతుంది, అది ఉన్న పార్టిషన్ లేదు. కాబట్టి ముందు సెటప్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి వరుసకు తెచ్చి, రెండుమూడు సార్లు విండోస్ నేరుగా లేస్తోందని చూసుకుని, ఆ తర్వాతే లినక్స్ పార్టిషన్ తీసేయండి. పాత బయోస్ పద్ధతి సిస్టం అయితే డిలీట్ చేసే ముందే విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ రికార్డును మళ్లీ రాయించాలి. ఏ పద్ధతి అన్నది పిల్లలతో చూపించుకున్నారు కదా, ఆ సంగతి రికవరీ కీ ఉన్న కాగితం మీదే కింద రాసి ఉంచండి.